చక్రాల ఇల్లు... వెనక వంటిల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంటికి చక్రాలు కట్టి చూడమని మాత్రం అనలేదు. వాళ్లకు ఆ అవసరం రాలేదు మరి!

ఇప్పుడు వస్తోంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. పదో తరగతి కాగానే అక్కడ చేరిన పల్లెటూరి పిల్లలు ఆరేళ్లు చదువుకుని ఇంజినీర్లుగా బయటికొస్తున్నారు. ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు... ఏ ఊరికెళ్లినా కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. వేసవి రాగానే అమ్మానాన్నలకు పిలుపు వస్తుంది. వెళ్తే ఆరు నెలలు. మొదటి నెల మనవడితో గడిచిపోతుంది. రెండో నెల నుంచి ‘ఎక్కడికైనా వెళ్దాం’ అన్న మాట మొదలవుతుంది.

చిక్కంతా అక్కడే. నాన్నకు షుగరు. వేళకు తినాలి. అమ్మకు బయట తిండి పడదు. రోజుకో హోటల్ గది, పూటకో బర్గరు అంటే నాలుగో రోజుకే ‘ఇంటికి పోదాం పదరా’ అంటారు. అందుకే కొందరు పిల్లలు ఇంటినే వెంట తీసుకెళ్లే ఆలోచన చేస్తున్నారు. అమెరికాలో ఇలాంటి బళ్లను ఆర్వీలు అంటారు. వాటిలో ఒక రకం ఫిఫ్త్ వీల్ ట్రైలర్. అందులోనూ వంటిల్లు వెనక భాగంలో ఉండే నమూనా మన అమ్మల కంట పడితే ఇక తిరుగులేదు. మూడు వైపులా గట్టు, పెద్ద కిటికీ, ఫ్రిజ్, ఓవెన్, సామాన్ల అల్మరా... అపార్టుమెంటు వంటగదికి ఏమాత్రం తీసిపోదు.

అయితే కొనే ముందు, కనీసం అద్దెకు తీసుకునే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది కిటికీ కాదు, గట్టు మీది రాయి కాదు... బరువు. ఆ లెక్క సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కొడుకు కంటే, చీనీకాయలు లోడు చేయించిన నాన్నకే బాగా తెలుసు!

అయిదో చక్రం ఎక్కడుంది?

పేరు వినగానే ‘ఆ బండికి అయిదు చక్రాలా?’ అని అడుగుతారు. కాదు. పాతకాలపు గుర్రపు బగ్గీలకు నేల మీద నడిచే చక్రాలు నాలుగు. ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి దాని మీద పడుకోబెట్టినట్టు ఇంకో గుండ్రటి చక్రం ఉండేది. అదే అయిదోది. బగ్గీలు పోయినా పేరు మిగిలింది.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు మోసే పెద్ద ట్రైలర్ లారీలను చూసే ఉంటారు. ముందు ఇంజను బండి వేరు, వెనక మోసే బండి వేరు. ఇంజను బండి ఒంటరిగా పోతున్నప్పుడు దాని వీపు మీద గ్రీజు పూసిన గుండ్రటి ఇనుప పళ్లెం కనిపిస్తుంది. వెనక బండి కింద ఉండే లావుపాటి పిన్ను ఆ పళ్లెంలోకి వచ్చి బిగుసుకుంటుంది. ఆ పిన్నును కింగ్‌పిన్ అంటారు, ఆ పళ్లెం పేరే ఫిఫ్త్ వీల్.

ఇదే ఏర్పాటును ఇంటి బండికి వాడారు. విమానాల తయారీలో తొలితరం మనిషైన గ్లెన్ కర్టిస్ 1920ల చివర్లో ‘ఏరోకార్’ అనే ట్రైలర్లను మార్కెట్లోకి తెచ్చాడు. వాటిని కారుకు తగిలించడానికి ఆయన విమానం టైరునే పడుకోబెట్టి వాడాడు. ఈ రోజుల్లో ఆ పని పికప్ ట్రక్కు చేస్తుంది. ముందు కూర్చునే క్యాబిన్, వెనక తెరిచిన తొట్టి ఉండే బండి అది. ఆ తొట్టిలో, వెనక ఇరుసుకు దాదాపు పైన కొక్కెం బిగిస్తారు. ట్రైలర్ ముక్కు ఆ తొట్టి మీదికి వచ్చి కూర్చుంటుంది.

మామూలు ట్రైలర్‌ను బండి వెనక బంపరు దగ్గర తగిలిస్తారు. దానితో పోలిస్తే ఇది రోడ్డు మీద నిలకడగా ఉంటుంది. తొట్టి మీద ఎత్తుగా ఉండే ముక్కు భాగంలో పడకగది వస్తుంది. మధ్యలో హాలు. వెనక నమూనాలో చివరన వంటిల్లు.

మన బండి శాస్త్రం

ఎద్దులబండి తోలినవాళ్లను అడగండి. బస్తాలు ఇరుసుకు వెనక ఎక్కువగా పడితే కాడి పైకి లేస్తుంది. ఎద్దుల మెడకింది తాడు బిగుసుకుంటుంది. ముందు ఎక్కువగా పడితే బరువంతా ఎద్దుల మెడ మీదే. అందుకే ఇరుసుకు కాస్త ముందుకు మొగ్గేలా సర్దుతారు. ట్రాక్టరు ట్రాలీదీ ఇదే కథ. చీనీ పెట్టెలన్నీ తోకన పేర్చి ఎత్తు ఎక్కిస్తే, ట్రాక్టరు వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది.

వెనక వంటిల్లున్న ఫిఫ్త్ వీల్‌లో అచ్చం ఇదే జరుగుతుంది. ఫ్రిజ్, పొయ్యి, గట్టు, అల్మరాలు... ఇంట్లో బరువైనవన్నీ తోకనే. వాటిమీద మనం పెట్టే సామాను అదనం. బియ్యం బస్తా, కందిపప్పు, గ్రైండరు, కుక్కర్లు, ఇనుప పెనం, ఊరగాయ జాడీలు, మంచినీళ్ల క్యాన్లు.

చిన్న లెక్క చూద్దాం. కింగ్‌పిన్ నుంచి ఇరుసుల మధ్యభాగానికి దూరం 24 అడుగులు అనుకోండి. ఇరుసులకు 8 అడుగుల వెనక వంటింట్లో 300 కిలోల సామాను పెట్టారు. ఇరుసు ఆధారంగా తూకపు కోలలా పైకీ కిందికీ ఊగే బండి కదా ఇది. 300ను 8తో గుణించి 24తో భాగిస్తే 100. అంటే ముక్కు దగ్గర 100 కిలోల బరువు తగ్గిపోయింది. ఇరుసుల మీద పడింది 300 కాదు, 400. మీరు పెట్టింది మూడు బస్తాలైతే టైర్లు మోసేది నాలుగు బస్తాలన్నమాట!

ముక్కు తేలికైతే ఏమవుతుంది? ఫిఫ్త్ వీల్‌లో మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం వరకు కింగ్‌పిన్ మీద పడాలన్నది సాధారణంగా చెప్పే లెక్క. అంతకంటే బాగా తగ్గితే ట్రైలర్ తోక ఊగడం మొదలవుతుంది. పక్కనుంచి గాలి వీచినా, పెద్ద లారీ దూసుకుపోయినా ఆ ఊపు పెరుగుతుంది. రోడ్డు మీద గతుకు వస్తే అందరికంటే ఎక్కువగా ఎగిరేది తోకే. ఆర్టీసీ బస్సులో ఆఖరి సీటు అనుభవం గుర్తు తెచ్చుకోండి. వెనక వంటింట్లో గాజు సీసాలకు ఆ సీటే దక్కింది.

అలాగని వెనక వంటిల్లు తప్పుడు నమూనా కాదు. బాగా తయారుచేసినవాటిలో ఈ బరువును ముందే లెక్కేసి ఇరుసులను కాస్త వెనక్కి జరుపుతారు. నీళ్ల ట్యాంకును ముందువైపు పెడతారు. మన వంతు పని ఏమిటంటే, బరువైన సామానును ఇరుసుల దగ్గరకో, ముందువైపు కింది అరల్లోకో చేర్చడం. వంటింట్లో ఆ పూటకు కావల్సినవి మాత్రమే ఉంచుకోవడం. బియ్యం బస్తా ముందు, బియ్యం డబ్బా వెనక!

ఇల్లు తర్వాత... ముందు ట్రక్కు

చాలామంది ముందు ఇల్లు నచ్చి కొనేస్తారు. తర్వాత ‘మన ట్రక్కు లాగుతుందా?’ అని చూస్తారు. ఇది తిరగబడిన వరస. అసలు ప్రశ్న లాగుతుందా అన్నది కూడా కాదు. మోస్తుందా అన్నది.

ఈ తేడా తెలియక మోసపోయేవాళ్లు ఎక్కువ. ఇంజను బలంగా ఉంటే లాగడం పెద్ద విషయం కాదు. కింగ్‌పిన్ బరువు మాత్రం తొట్టి మీద, వెనక ఇరుసు మీద, టైర్ల మీద నేరుగా పడుతుంది. సామానుతో కలిపి ట్రైలర్ 5,400 కిలోలు అనుకుందాం. అందులో 20 శాతం అంటే 1,080 కిలోలు తొట్టి మీదికే. కొక్కెం సామగ్రి 80 కిలోలు. అమ్మ, నాన్న, కొడుకు, కోడలు, మనవడు కలిపి 320 కిలోలు. మొత్తం 1,480.

ఇప్పుడు ట్రక్కు డ్రైవరు తలుపు తెరవండి. తలుపు పక్కన ఓ చిన్న స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని దానిమీద రాసి ఉంటుంది. అదే ఆ బండికి సంబంధించిన చివరి మాట. ‘హాఫ్ టన్’ అని పిలిచే 1500 తరగతి ట్రక్కుల్లో ఆ అంకె చాలావరకు 700 నుంచి 900 కిలోల మధ్యే ఉంటుంది. 2500 తరగతి డీజిల్ బళ్లు చూడ్డానికి భీముడిలా ఉంటాయి గానీ, బరువైన ఇంజనే సగం ఓపిక తినేస్తుంది. పై కుటుంబానికి అది కూడా చాలకపోవచ్చు. 3500 తరగతికి వెళ్లాల్సిందే. లేదంటే చిన్న ట్రైలర్ చూసుకోవాల్సిందే.

అమ్మకానికి పెట్టినవాళ్లు చూపించే కాగితంలో ‘డ్రై వెయిట్’ అని ఒక అంకె ఉంటుంది. ఖాళీ ఇంటి బరువు అది. అందులో నీళ్లుండవు, బియ్యముండవు, దుప్పట్లుండవు. ఖాళీ ఇంట్లో కాపురం ఎవరు చేస్తారు? 190 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 190 కిలోలు. కాబట్టి చూడాల్సింది ఖాళీ బరువు కాదు, ఆ ట్రైలర్ గరిష్ఠంగా ఎంత బరువుకు తగినదని తయారీదారు రాశాడో ఆ అంకె. ట్రక్కు లెక్కలన్నీ దాంతోనే వేయాలి.

కాటా వేయించండి

లెక్కలు కాగితం మీద ఎంత వేసినా నిజం చెప్పేది కాటానే. మన దగ్గర వేబ్రిడ్జిలు ఉన్నట్టే అమెరికాలో హైవేల పక్కన లారీలు ఆగే చోట్ల తూకపు పళ్లేలు ఉంటాయి. ట్రక్కు ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు... మూడింటి బరువూ వేర్వేరుగా చీటీ మీద వస్తుంది.

రెండుసార్లు తూయించాలి. ప్రయాణానికి ఎలా వెళ్తారో అలా మనుషులు, సామాను, నీళ్లతో ట్రైలర్ తగిలించి ఒకసారి. ట్రైలర్ విడదీసి, అదే మనుషులతో ట్రక్కును మాత్రమే మరోసారి. ఉదాహరణకు ట్రక్కు ఒక్కటే 3,900 కిలోలు తూగింది. ట్రైలర్ తగిలించాక ట్రక్కు రెండు ఇరుసుల మీద కలిపి 4,900 వచ్చింది. తేడా 1,000. అదే కింగ్‌పిన్ బరువు. ట్రైలర్ ఇరుసుల మీద 4,300 ఉంటే ట్రైలర్ మొత్తం 5,300. అందులో వెయ్యి అంటే దాదాపు 19 శాతం. హాయిగా బయల్దేరవచ్చు. అదే 12 శాతం వస్తే, వంటింట్లోంచి కొంత సామాను ముందుకు మార్చి మళ్లీ తూయించాలి. అరపూట పని. అయిదుగురు ప్రాణాల సంగతి.

వంటింటికి పరీక్ష

బరువు కుదిరాక ఇక నిదానంగా వంటిల్లు చూడొచ్చు. ఇక్కడ అమ్మల మాటకే విలువ.

ఈ ట్రైలర్లలో పక్క గోడలు సొరుగుల్లా బయటికి జరుగుతాయి. బండి ఆపాక మీట నొక్కితే గది వెడల్పవుతుంది. వీటిని స్లైడ్‌లు అంటారు. షోరూములో అన్నీ తెరిచి ఉంచి చూపిస్తారు. మీరు మూయించి చూడండి. దారిలో పది నిమిషాలు ఆగినప్పుడు స్లైడ్‌లు మూసే ఉంటాయి కదా. అప్పుడు వంటింటి దాకా నడవగలరా? ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటుందా? బాత్రూముకు దారి ఉందా? కొన్ని నమూనాల్లో మూసిన స్లైడ్ ఫ్రిజ్‌కు అడ్డంగా వచ్చేస్తుంది. పెరుగన్నం లోపల, ఆకలి బయట!

వెనక వంటిల్లుతో మనవాళ్లకు ఒక లాభం ఉంది. తిరగమోత పెడితే ఆ ఘాటు పడకగదికి చేరదు. పడక ముందు చివర, పొయ్యి వెనక చివర. కానీ పొయ్యి మీది ఫ్యాన్లు చాలావాటిలో అంతంతమాత్రమే. పొగ బయటికి పోతుందా, లోపలే తిరుగుతుందా అని అడగండి. ఎండుమిర్చి వేపుళ్లు, చేపల పులుసు బయట బల్ల మీద చిన్న పొయ్యి పెట్టుకుని చేసుకోవడం మేలు. సంగటి కెలకాలనుకునేవాళ్లకు మరో మాట. అక్కడి పొయ్యిలు చిన్నవి, తేలికవి. తెడ్డుతో బలంగా తిప్పితే గిన్నెతో పాటు పొయ్యి గ్రిల్లు కదులుతుంది. గిన్నె దించి, కింద పెట్టుకుని కెలకండి.

మన ఊరి మిక్సీని పెట్టెలో పెట్టుకెళ్లడం చాలామందికి అలవాటు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మన మిక్సీకి 230 కావాలి. సరిగా తిరగదు. అక్కడి కరెంటుకు తయారైన మిక్సీ ఉండాల్సిందే. 30 యాంప్‌ల కనెక్షన్ ఉన్న ట్రైలర్‌లో ఒకేసారి వాడగలిగేది 3,600 వాట్లు. ఏసీ 1,500, మైక్రోవేవ్ 1,500, కరెంటు కుక్కరు 1,000... మూడూ కలిపి వేస్తే టప్పున ఆగిపోతుంది. ఒకటి ఆపి ఒకటి వేసుకోవాలి. 50 యాంప్‌ల కనెక్షన్ ఉన్న పెద్ద ట్రైలర్లలో ఈ బాధ తక్కువ.

ఇక గిన్నెలు కడిగిన నీళ్లు. ఇంట్లోలా కాలవలోకి పోవు. బండి కిందే ఒక ట్యాంకులో చేరతాయి. మంచినీళ్లకు ఒక ట్యాంకు, కడిగిన నీళ్లకు ఒకటి, మరుగుదొడ్డికి మరొకటి. క్యాంపు మైదానాల్లో వాటిని ఖాళీ చేయడానికి ప్రత్యేక చోటు ఉంటుంది. కనపడిన చెట్టు కింద వదిలితే జరిమానా కట్టాలి. నూనె జిడ్డు, దోసె పిండి, మెతుకులు ట్యాంకులోకి పోతే గడ్డకట్టి కంపు కొడతాయి. గిన్నెను ముందు కాగితంతో తుడిచి, తర్వాత కడగాలి. నీళ్లు కూడా కలిసొస్తాయి. కరువు చూసిన సీమ ఆడవాళ్లకు నీళ్ల పొదుపు ఒకరు నేర్పాలా!

గ్యాసుతో చెలగాటం వద్దు

ఫిఫ్త్ వీల్‌లకు సాధారణంగా రెండు ప్రొపేన్ సిలిండర్లు ఉంటాయి. 30 పౌండ్ల సిలిండరులో 13.6 కిలోల గ్యాసు పడుతుంది. అంటే ఇంచుమించు మన ఇంటి సిలిండరు అంత. సిలిండర్లు ముందు భాగంలో ఉంటే వంటిల్లు వెనక కాబట్టి గ్యాసు పైపు బండి పొడవునా పోతుంది. ప్రొపేన్ గాలికంటే బరువైనది. లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందుకే వాసన పట్టే అలారం నేలకు దగ్గరగా బిగిస్తారు. అది పనిచేస్తోందో లేదో బయల్దేరే ముందే నొక్కి చూడాలి. వాటికి గడువు తేదీ కూడా ఉంటుంది.

బండి కదిలే ముందు సిలిండరు వాల్వు కట్టేయడం మంచి అలవాటు. బాల్టిమోర్ లాంటి చోట్ల కొన్ని సొరంగ మార్గాల్లోకి గ్యాసు సిలిండర్లున్న ఇలాంటి బళ్లను రానివ్వరు. దారి ముందే చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. బండి నడుస్తుండగా వెనక కూర్చుని వంట చేసుకోవచ్చు అనుకుంటారు కొందరు. కుదరదు. చాలా రాష్ట్రాలు లాగే ట్రైలర్‌లో మనుషులు ప్రయాణించడాన్ని ఒప్పుకోవు. ఫిఫ్త్ వీల్ విషయంలో కొన్ని రాష్ట్రాలు షరతులతో సడలింపు ఇచ్చినా, అందులో సీటు బెల్టులుండవు. చట్టం సంగతి అటుంచి, తోకన ఎగిరిపడే వంటింట్లో మనిషిని ఉంచుతామా?

కదిలే బండిలో నిప్పు ఎంత పని చేస్తుందో మన దేశంలోనే చూశాం. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్ దగ్గర నిలిపి ఉన్న ఓ ప్రైవేటు టూరిస్టు రైలు బోగీలో మంటలు లేచి 9 మంది యాత్రికులు చనిపోయారు. నిషేధం ఉన్నా లోపలికి తెచ్చిన గ్యాసు సిలిండరే కారణమని రైల్వే చెప్పింది. తెల్లవారుజామున టీ కాచుకునే ప్రయత్నం అంత పని చేసింది.

మనకూ ఉంది ఈ సంప్రదాయం

వంటిల్లును వెంట తీసుకెళ్లడం మనకేం కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో మన కడప సీమ మీదుగానే వెళ్లారు. పల్లకీ, డేరాలు, వెంట పెద్ద పరివారం. మజిలీ మజిలీకీ డేరా దించడం, వంట చేసుకోవడం, మళ్లీ కదలడం. ఆయన రాసిపెట్టిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఆ ప్రయాణం గురించే. 1982లో ఎన్టీఆర్ ఓ షెవర్లే వ్యానును మార్పించి ‘చైతన్య రథం’ చేసుకుని ఊరూరా తిరిగినప్పుడు, బండే ఇల్లు కావడాన్ని తెలుగువాళ్లంతా కళ్లారా చూశారు.

ఇక కాశీకో శబరిమలకో వెళ్లే టూరిస్టు బస్సులైతే అచ్చంగా వెనక వంటిల్లు బళ్లే! డిక్కీలో పెద్ద గిన్నెలు, పొయ్యి, బియ్యం, కూరగాయలు, వెంట ఓ వంటమనిషి. తెల్లారగానే ఏదో సత్రం దగ్గర ఆగితే ఉప్మా సిద్ధం. ఆ బస్సెక్కే ముందు కూడా సిలిండరు ఎక్కడ పెట్టారు, డిక్కీలో ఎంత కుక్కారు అని ఒక్కసారి అడగడం మంచిది.

‘మరి మన దగ్గరే ఫిఫ్త్ వీల్ లాగితే?’ అంటారా. కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ మలుపులు గుర్తు తెచ్చుకోండి. పొడవాటి ట్రైలర్ మలుపు తిరిగేటప్పుడు తోక ఎదుటి వరసలోకి వస్తుంది. ఆగి పాలకోవా తినడం వరకే బాగుంటుంది! పైగా రాత్రి నిలిపితే నీళ్లు, కరెంటు ఇచ్చి, ట్యాంకు ఖాళీ చేసుకోనిచ్చే మైదానాలు అక్కడ ఉన్నన్ని మన దగ్గర లేవు. మన దేశానికి నప్పేవి ట్రక్కూ ఇల్లూ ఒకటిగా ఉండే చిన్న కారవాన్లు. సినిమా షూటింగుల్లో తారలు వాడేవి ఈ కోవలోవే. కేరళ 2021లో కారవాన్ టూరిజం విధానం తెచ్చి, వాటిని నిలిపే పార్కులకు బాట వేసింది. అమెరికాలో గ్రాండ్ క్యానియన్ చూసొచ్చినవాళ్లు జమ్మలమడుగు పక్కనే ఉన్న గండికోట లోయ అంచున కూడా ఇలాంటి వసతి ఉంటే అనుకోవడం సహజం.

కొనే ముందు అద్దె

ఎవరు ఎంత చెప్పినా ఒక వారం ఉండి చూస్తే తెలిసేది వేరు. అమెరికాలో ఫిఫ్త్ వీల్‌లను యజమానులే క్యాంపు మైదానానికి తెచ్చి నిలిపి, కరెంటు, నీళ్లు తగిలించి వెళ్లే పద్ధతి కూడా ఉంది. లాగే బాధ లేకుండా వారం రోజులు వెనక వంటింట్లో వండుకుని చూడొచ్చు. గట్టు ఎత్తు అమ్మకు సరిపోయిందా? ముందున్న పడకగదికి మెట్లెక్కడం నాన్న మోకాళ్లకు కుదిరిందా? ఫిఫ్త్ వీల్‌లో ఈ మెట్లు తప్పవు. రాత్రి లేచి దిగాలన్నా అవే మెట్లు. పెద్దవాళ్లకు హాల్లోని సోఫా పడకే నయమని తేలితే, కొనాల్సిన నమూనాయే మారిపోతుంది.

సొంతంగా లాగాలనుకుంటే ఖాళీ మైదానంలో ముందు సాధన చేయాలి. మలుపులో ట్రైలర్ చక్రాలు లోపలికి కోసుకొస్తాయి, తోక బయటికి ఊగుతుంది. పెట్రోలు బంకుల్లో దెబ్బతినేది అందుకే. ఎత్తు 13 అడుగులు దాటవచ్చు కాబట్టి తక్కువ ఎత్తు వంతెనలు చూసుకోవాలి. తగిలించాక కొక్కెం నిజంగా బిగుసుకుందో లేదో, ట్రైలర్ కాళ్లు నేలమీద ఉండగానే దాని బ్రేకులు పట్టి, ట్రక్కును మెల్లగా ముందుకు లాగి చూడాలి. ఊడిపోతే ముక్కు వచ్చి తొట్టి గోడల మీద పడుతుంది. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బళ్లకు గంటకు 55 మైళ్లే పరిమితి. మిగతా చోట్ల ఎక్కువ అనుమతించినా, టైరు మీద రాసిన వేగం దాటకూడదు. టైర్లు అరగకపోయినా ఐదారేళ్లకు మార్చేయాలి.

ఫోనులో అడగండి

మీ అబ్బాయి ఈ వేసవికి ‘చక్రాల ఇంట్లో తిప్పుతా’ అని ఫోను చేశాడనుకోండి. సంతోషించండి. తర్వాత ఈ నాలుగు ప్రశ్నలు వేయండి. తలుపు పక్క స్టిక్కరు మీద అంకె ఎంత? సామాను నింపాక కాటా వేయించావా? స్లైడ్‌లు మూసినప్పుడు ఫ్రిజ్ తెరుచుకుంటుందా? గ్యాసు అలారం నొక్కి చూశావా?

‘నాన్నా, ఇవన్నీ నీకెలా తెలుసు?’ అంటే, తోక బరువైతే కాడి లేస్తుందని చెప్పండి.

అమ్మలకు, ఆ ఇంట్లో ఉన్న మిగతావాళ్లకు కూడా ఓ మాట. వెనక వంటింటి కిటికీలోంచి కొండలు, సరస్సులు కనిపిస్తాయి నిజమే. కిటికీ బాగుంది కదా అని మూడు పూటలూ ఆమెనే అక్కడ నిలబెట్టేస్తే, ఆమె చూసేది కొండలు కాదు, సింకు. ఒక పూట కొడుకు, ఒక పూట కోడలు, ఒక పూట నాన్న వంట పట్టండి. బండిలో బరువు సర్దినట్టే పని కూడా సర్దుకుంటే అమ్మకూ అది విహారయాత్ర అవుతుంది.